కనిపించని విమానం... అంగట్లో అమ్ముడైన బొమ్మ

2025 మార్చి 21న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ తన ఆఫీసులో ఓ పెద్ద బొమ్మను పక్కన పెట్టించుకుని కొత్త స్టెల్త్ యుద్ధవిమానం సంగతి ప్రకటించారు. పేరు ఎఫ్-47, తయారుచేసేది బోయింగ్. దాని ప్రయోగాత్మక రూపం దాదాపు ఐదేళ్లుగా రహస్యంగా ఎగురుతూనే ఉందని కూడా చెప్పారు. ఇంతా చెప్పి చూపించింది మాత్రం ఫోటో కాదు, గీసిన బొమ్మ. అందులో ముక్కు కనిపిస్తుంది, కాక్‌పిట్ కనిపిస్తుంది, ముందువైపు చిన్న రెక్కల్లాంటివేవో కనిపిస్తాయి. వెనకాల ఏముందో మాత్రం అంతుపట్టదు.

అంతే, ఆ రోజు నుంచి ఇంటర్నెట్‌లో పంచాయితీ మొదలైంది. ఆ చిన్న రెక్కలు నిజంవేనా? అలాంటివి రాడార్‌కు దొరికిపోతాయంటారు కదా, మరి ఎందుకు పెట్టినట్టు? చైనా వాళ్లను తప్పుదారి పట్టించడానికి కావాలనే అలా గీశారా? తోక ఉందా, లేదా? యూట్యూబ్‌లో ‘రహస్యాలు బట్టబయలు’ అంటూ ఎర్రటి అక్షరాల వీడియోలు వచ్చిపడ్డాయి. నేనూ నాలుగైదు చూశాను. బట్టబయలైంది ఏమీ లేదు. ఒకే బొమ్మను పెద్దది చేసి, తిప్పి, బాణం గుర్తులు వేసి చూపించారంతే.

ఈ హడావిడి చూస్తుంటే నాకు నలభై ఏళ్ల కిందటి ఎఫ్-19 కథ గుర్తొచ్చింది. అది ప్రపంచంలో ఎక్కడా లేని విమానం. కానీ దాని ప్లాస్టిక్ బొమ్మ లక్షల్లో అమ్ముడైంది. దాని మీద నవల వచ్చింది, కంప్యూటర్ గేమ్ వచ్చింది, అమెరికా కాంగ్రెస్‌లో రభస కూడా జరిగింది. సరిగ్గా అదే కాలంలో అసలు విమానం నెవడా ఎడారిలో రాత్రిళ్లు మాత్రమే తిరుగుతూ, తన వాళ్లలో ఇద్దర్ని మింగేసింది కూడా.

రష్యా వాడి లెక్క

కథ అమెరికాలో మొదలవలేదు, మాస్కోలో మొదలైంది. ప్యోత్ర్ ఉఫిమ్‌త్సెవ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1962లో ఓ పుస్తకం ప్రచురించాడు. విద్యుదయస్కాంత తరంగాలు ఒక వస్తువు అంచులకు తగిలినప్పుడు ఎలా చెదురుతాయో లెక్కగట్టే పద్ధతి అందులో ఉంది. సోవియట్ అధికారులు దాన్ని చూసి, ఇందులో సైన్యానికి పనికొచ్చేది ఏమీ లేదనుకుని అచ్చుకు ఒప్పేసుకున్నారు. అమెరికా వైమానిక దళం 1971లో దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి పెట్టుకుంది. అదీ అలాగే పడి ఉంది. 1975లో లాక్‌హీడ్ కంపెనీలో డెనిస్ ఓవర్‌హోల్సర్ అనే లెక్కల మనిషి దాన్ని చదివి ఎగిరి గంతేశాడు. ఆయన పనిచేసేది ‘స్కంక్ వర్క్స్’ అనే విభాగంలో. కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో, మూడో కంటికి తెలియకుండా విమానాలు తయారుచేసే చోటు అది. (అదే లాక్‌హీడ్ ఇప్పుడు హైదరాబాద్ పక్కన ఆదిభట్లలో టాటాలతో కలిసి సీ-130 రవాణా విమానాల తోకలు చేయిస్తోంది. అందులో గుట్టేమీ లేదు లెండి.)

ఆయన గంతెందుకేశాడో అర్థం కావాలంటే చీకటిగదిలో టార్చిలైటు ఊహించుకోండి. ఎదురుగా ఉన్న అద్దం మీద నేరుగా వేస్తే వెలుగు తిరిగొచ్చి మన కళ్లలోనే పడుతుంది. అద్దాన్ని కాస్త వాలిస్తే వెలుగు ఏ గోడ మీదికో పోతుంది, మనకు అద్దం ఉన్నట్టే తెలియదు. రాడార్ కూడా అంతే. తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని చూసుకుంటుంది. తిరిగి రాకుండా పక్కకు తోసేస్తే ఎదుట విమానం ఉన్నా కనపడదు. చిక్కల్లా అంచుల దగ్గరే. పలక ఎంత వాలుగా ఉన్నా అంచు దగ్గర కొంత చెదిరి వెనక్కి వస్తుంది. ఎంత వస్తుందో లెక్క తేల్చే దారి ఉఫిమ్‌త్సెవ్ పుస్తకంలో దొరికింది.

అయితే 1975 నాటి కంప్యూటర్లకు వంపులు తిరిగిన ఆకారాన్ని లెక్కగట్టే శక్తి లేదు. చదునైన పలకలైతే గట్టగలవు. అందుకని ఓవర్‌హోల్సర్ బృందం విమానం మొత్తాన్ని పలకలు పలకలుగా, సానబట్టిన రాయిలా గీసింది. చూసిన ఇంజినీర్లు నవ్వారు. ‘హోప్‌లెస్ డైమండ్’ అని పేరు పెట్టారు, పనికిమాలిన వజ్రం అన్నమాట. స్కంక్ వర్క్స్ స్థాపించిన మహానుభావుడు కెల్లీ జాన్సన్ అయితే ఇది తేలదన్నాడు. అప్పటికే తాము చేసిన డీ-21 అనే డ్రోన్ కంటే ఇది గొప్పగా దాక్కోలేదని, తన తర్వాత కుర్చీలోకి వచ్చిన బెన్ రిచ్‌తో పావు డాలర్ పందెం కాశాడు. మన లెక్కలో పావలా పందెం. కెల్లీ ఓడిపోయాడు.

ఆ తర్వాతి పరీక్షల గురించి బెన్ రిచ్ తన జ్ఞాపకాల్లో రాసిన ముచ్చట్లు భలేగా ఉంటాయి. చెక్క నమూనాను స్తంభం మీద నిలబెట్టి రాడార్ వేస్తే ఆపరేటర్ ‘మీ బొమ్మ కింద పడిపోయినట్టుంది, ఏమీ కనపడట్లేదు’ అన్నాడట. అంతలోనే ‘ఆ, కనపడింది’ అన్నాడు. చూస్తే ఏముంది, ఓ నల్లటి పక్షి వచ్చి నమూనా మీద వాలింది. రాడార్‌కు దొరికింది పక్షి! ఇంకో చోట నమూనా కంటే దాన్ని నిలబెట్టిన స్తంభమే రాడార్‌లో ఎక్కువ మెరిసింది. దాంతో స్తంభాన్ని కూడా కొత్తగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. బెన్ రిచ్ జనరళ్ల దగ్గరికెళ్లి వాళ్ల బల్లల మీద చిన్న బాల్‌బేరింగు గుండ్లను దొర్లించేవాడు. ఇదిగో, రాడార్‌కు మీ విమానం ఇంతే కనిపిస్తుంది అని.

‘హ్యావ్ బ్లూ’ పేరుతో చేసిన రెండు ప్రయోగ విమానాల్లో మొదటిది 1977 డిసెంబర్ 1న నెవడాలోని గ్రూమ్ లేక్‌లో ఎగిరింది. జనం ఏరియా 51 అని పిలుచుకునే చోటు అదే. నడిపింది బిల్ పార్క్. ఐదు నెలలకు, 1978 మేలో అది కూలిపోయింది. పార్క్ బతికి బయటపడ్డాడు గానీ దెబ్బలు గట్టిగా తగలడంతో ఆయన టెస్ట్ పైలట్ జీవితం అక్కడితో ముగిసింది. రెండోది 1979 జులైలో కూలింది. అయినా పని ఆగలేదు. 1981 జూన్ 18న అసలు విమానం గాల్లోకి లేచింది. దాని పేరు ఎఫ్-117 అని లోకానికి తెలియడానికి ఇంకో ఏడేళ్లు పట్టింది.

పంతొమ్మిది ఏమైంది?

గుట్టు ఎలా బయటపడిందనుకుంటున్నారు? గూఢచారులు లాగలేదు. 1980 ఆగస్టులో, ఎన్నికల వేళ, అమెరికా రక్షణ మంత్రి హెరాల్డ్ బ్రౌన్ స్వయంగా విలేకరుల సమావేశం పెట్టి, రాడార్‌కు చిక్కని విమానాల పరిజ్ఞానం మా దగ్గరుందని చెప్పేశాడు. కార్టర్ ప్రభుత్వం రక్షణ విషయంలో నిద్రపోతోందని ఎదుటిపక్షం రీగన్ దుమ్మెత్తి పోస్తున్న రోజులవి. ఓట్ల కోసం దేశ రహస్యం అమ్మేశారని మళ్లీ దాని మీదా గొడవ జరిగింది.

ఉంది అన్నారు. ఎలా ఉంటుందో చెప్పలేదు. ఊహలకు ఇంతకంటే ఏం కావాలి?

మొదట దొరికింది ఓ అంకె. అమెరికా యుద్ధవిమానాల వరసలో ఎఫ్-18 వచ్చింది, తర్వాత ఎఫ్-20 వచ్చింది. మధ్యలో 19 ఏమైంది? ఇంకేముంది, దాచిపెట్టిన విమానం అదేనన్నారు. నిజానికి 19ని వదిలేసింది నార్త్‌రాప్ కంపెనీ తమ విమానానికి 20 అనే అంకె కావాలని కోరడం వల్ల. ఇంత చప్పటి కారణాన్ని ఎవరు నమ్ముతారు! ఖాళీగా ఉన్న అంకెలో ఓ విమానమే ఉందని నమ్మడం తేలిక, సరదా కూడా.

రెండోది ఆకారం. ఇక్కడ ఊహించినవాళ్లను తెలివితక్కువవాళ్లు అనడానికి వీల్లేదు. వాళ్లు సరిగ్గానే ఆలోచించారు. పదునైన మూలలుంటే రాడార్‌కు దొరుకుతుంది కాబట్టి ఈ విమానానికి మూలలుండవు, గులకరాయిలా నున్నగా, వంపులు తిరిగి ఉంటుంది అనుకున్నారు. తర్వాత వచ్చిన బీ-2 బాంబర్ చూస్తే ఆ తర్కం తప్పు కాదని తెలుస్తుంది. మరి ఎఫ్-117 మూలలు మూలలుగా ఎందుకుంది? అప్పటి కంప్యూటర్‌కు అంతకుమించి చేతకాక! అది మాత్రం బయటివాడు ఎవడూ ఊహించలేకపోయాడు. శత్రువు దగ్గర గొప్ప తెలివితేటలున్నాయని ఊహించగలం గానీ, ఫలానా లెక్క చేయలేక ఇలా సర్దుకున్నాడని ఎలా ఊహిస్తాం?

1986లో టెస్టర్స్ అనే బొమ్మల కంపెనీ ‘ఎఫ్-19 స్టెల్త్ ఫైటర్’ పేరుతో అతికించుకునే ప్లాస్టిక్ కిట్ అమ్మకానికి పెట్టింది. రూపకర్త జాన్ ఆండ్రూస్. పత్రికల్లో వచ్చినవీ, విమానాల మీద తనకున్న పరిజ్ఞానమూ కలిపి వంపుల రెక్కలతో నల్లటి విమానం చేశాడు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, నిజం విమానం కంటే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. పిల్లలూ కొన్నారు, పెద్దలూ కొన్నారు. అదే ఏడాది టామ్ క్లాన్సీ ‘రెడ్ స్టార్మ్ రైజింగ్’ నవలలో ఎఫ్-19ని యుద్ధానికి పంపాడు. 1988లో మైక్రోప్రోస్ కంపెనీ గేమ్ తెచ్చింది. అలా లేని విమానానికి ఓ ముఖం, ఓ పేరు, కొన్ని యుద్ధాలు కూడా వచ్చేశాయి.

అమెరికా వైమానిక దళం ‘అది కాదు’ అనలేదు. ఎందుకంటుంది? తప్పు బొమ్మ ఊరంతా తిరుగుతుంటే నిజం బొమ్మ కోసం వెతికేవాళ్లు తగ్గుతారు. చుట్టూ కంచె కట్టి తుపాకులతో కాపలా పెట్టినవాళ్లు ఎంత సాయం చేశారో, ఏమీ తెలియని ఆ బొమ్మల కంపెనీ కూడా అంత సాయం చేసిందనిపిస్తుంది నాకు.

సోమవారం వెళ్లి శుక్రవారం వచ్చేవాళ్లు

నెవడాలో టోనోపా అనే ఊరు దగ్గర, చుట్టుపక్కల మైళ్ల కొద్దీ ఏమీ లేని ఎడారిలో ఎఫ్-117లకు స్థావరం కట్టారు. విమానాలు బర్బాంక్ ఫ్యాక్టరీ నుంచి రాత్రిపూట పెద్ద రవాణా విమానాల పొట్టలో కూర్చుని నెవడాకు చేరేవి. పైలట్ల కుటుంబాలు లాస్ వెగాస్ దగ్గర నెల్లిస్‌లో ఉండేవి. సోమవారం ఓ అద్దె విమానం వాళ్లను ఎక్కించుకెళ్లేది, శుక్రవారం దింపేది. ఎక్కడికెళ్తున్నారో, ఏం నడుపుతున్నారో భార్యలకు చెప్పకూడదు. అడిగినవాళ్లకు చూపించడానికి ఏ-7 అనే పాత విమానాలు కొన్ని ఉండేవి. మేం నడిపేది వీటినే అని చెప్పుకోవాలి.

పొద్దు గూకాక గానీ హ్యాంగర్ తలుపులు తెరవరు. తెరిచే ముందు లోపలి దీపాలు ఆర్పేస్తారు. ఆపై రాత్రంతా ఎగరడం, తెల్లారేలోగా లోపలికి దూరిపోవడం, పగలు కిటికీలకు నల్లటి తెరలు వేసుకుని నిద్రపోవడం. గబ్బిలాల బతుకన్నమాట. శనివారం వచ్చేసరికి ఇంట్లో మళ్లీ మామూలు మనుషుల్లా పగలు మేలుకోవాలి, పిల్లలతో ఆడుకోవాలి. సోమవారం మళ్లీ తలకిందులు. నైట్ షిఫ్టులు చేసే ఎవరినైనా అడగండి, వారానికోసారి ఇలా నిద్ర తిరగేయడం ఏమిటో చెబుతారు. మన సాఫ్ట్‌వేర్ పిల్లలకూ, ఆసుపత్రి నర్సులకూ బాగా తెలుసు. వీళ్ల చేతిలో ఉన్నది కీబోర్డు కాదు, చీకట్లో కొండల మీదుగా దూసుకెళ్లే విమానం. ఆ అలసట ఆ దళాన్ని మొదట్నుంచీ పట్టి పీడించిన సమస్య.

1986 జులై 11, అర్ధరాత్రి దాటింది. టోనోపా నుంచి లేచిన మేజర్ రాస్ ముల్‌హేర్ విమానం కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గరి కొండల్లో నిలువునా దిగబడిపోయింది. అడవి అంటుకుంది. ముల్‌హేర్ చనిపోయాడు. ఆ చీకట్లో నేల ఏదో ఆకాశం ఏదో తెలియని అయోమయానికి లోనై ఉంటాడని తర్వాత భావించారు.

తెల్లారేసరికి ఆ కొండ మొత్తాన్ని సైనికులు చుట్టుముట్టారు. పైన ఆకాశంలో విమానాలు తిరగకుండా ఆపేశారు. కూలింది ఏ విమానమో చెప్పలేదు. పైలట్ పేరు చెప్పారు, అంతవరకే. శిథిలాల ముక్కల్ని జల్లెడపట్టి ఏరుకుపోయారు. వెళ్తూ వెళ్తూ, తర్వాత వచ్చి వెతికేవాళ్లను ఏమార్చడానికి ఎప్పుడో పాతకాలంలో కూలిన ఎఫ్-101 విమానం తుక్కును అక్కడ చల్లిపోయారని చెబుతారు. ఆ ఇంటివాళ్ల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి. మనిషి పోయాడన్న కబురు వచ్చింది. దేంట్లో పోయాడు, ఎందుకు పోయాడు అని అడిగితే జవాబు లేదు. టీవీల్లో, పత్రికల్లో మాత్రం కూలింది ఎఫ్-19 అని వార్త. పక్కింటి షాపులో అదే పేరుతో డబ్బాలో బొమ్మ.

ఆ వేసవిలోనే కాంగ్రెస్ కమిటీ లాక్‌హీడ్ పెద్దల్ని పిలిచి నిలదీసింది. కంపెనీలో రహస్య పత్రాలు కొన్నిటికి లెక్క తేలడం లేదన్నది ఫిర్యాదు. అక్కడ ఆ ప్లాస్టిక్ బొమ్మ కూడా చర్చకొచ్చింది. ప్రజాప్రతినిధిగా నన్ను చూడనివ్వనిది బొమ్మల డబ్బాలో ఎలా ప్రత్యక్షమైందని రాన్ వైడెన్ అనే సభ్యుడు మండిపడ్డాడు. పాపం, ఆ బొమ్మకూ అసలు విమానానికీ పోలికే లేదని ఆయనకు తెలిసే దారి లేదు. తెలిసినవాళ్లు చెప్పడానికి వీల్లేదు. ప్రజల డబ్బుతో జరుగుతున్న పనిని తనిఖీ చేయాల్సిన మనిషి చేతిలో ఆధారంగా మిగిలింది అంగట్లో దొరికే బొమ్మ!

1987 అక్టోబర్‌లో ఇంకో విమానం నెవడాలోనే కూలింది. మేజర్ మైకేల్ స్టూవర్ట్ చనిపోయాడు. పగటిపూట కూడా ఎగరనిస్తే తప్ప ఇది సాగదని వైమానిక దళానికి అర్థమైంది. పగలు ఎగిరితే ఎలాగూ జనం చూస్తారు. దాంతో 1988 నవంబర్ 10న పెంటగాన్ ఒకే ఒక్క ఫోటో విడుదల చేసింది. పేరు ఎఫ్-117ఏ అని చెప్పింది. ఆ ఫోటో కూడా మసకమసకగా, అసలు పొడవూ వాలూ అంచనా వేయడానికి వీల్లేని కోణంలో తీసింది. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టమైంది. వంపుల్లేవు. అన్నీ పలకలే. ఎఫ్-19 ఆ రోజుతో చచ్చిపోయింది. గేమ్ కంపెనీ 1991లో ఎఫ్-117 పేరుతో కొత్త ఆట తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఇంకో తమాషా ఏమిటంటే పేరులో ఎఫ్ ఉందని ఫైటర్ అనుకుంటాం గానీ, దానికి తుపాకీ లేదు, గాల్లో శత్రు విమానంతో తలపడే ఏర్పాటూ లేదు. వెళ్లి బాంబు వేసి రావడమే దాని పని. పేరు కూడా ఒక ముసుగే.

1991లో బాగ్దాద్ మీద దాడులప్పుడు ఆ నల్లటి విమానం ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఇక దాన్ని ఎవరూ పడగొట్టలేరన్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు కదా. 1999 మార్చి 27న సెర్బియాలో జోల్టాన్ డాని అనే అధికారి దళం 1960ల నాటి ఎస్-125 క్షిపణితో దాన్ని కూల్చేసింది. మన వైమానిక దళం పెచోరా పేరుతో ఏళ్ల తరబడి వాడిన క్షిపణే అది. అమెరికన్లు రోజూ ఒకే దారిలో వచ్చిపోవడం వాళ్లకు కలిసొచ్చింది. పైలట్ డేల్ జెల్కోను ఆ రాత్రే హెలికాప్టర్లలో వచ్చి తీసుకెళ్లిపోయారు. కొన్నేళ్లకు జెల్కో సెర్బియా వెళ్లి డానిని కలిశాడు, ఇద్దరూ స్నేహితులయ్యారు. అప్పటికి డాని రొట్టెల దుకాణం నడుపుకుంటున్నాడు.

చెంగ్డూ కంచె పక్కన

సెర్బియా పొలాల్లో పడిన ఆ విమానం ముక్కల్ని చైనా ఏజెంట్లు కొనుక్కుపోయారని తర్వాత వార్తలొచ్చాయి. చైనా సొంత స్టెల్త్ విమానం జే-20 బయటికొచ్చినప్పుడు ఆ కథ మళ్లీ లేచింది. అది రుజువైన సంగతి కాదు. రుజువైన సంగతి వేరే ఉంది. ముంబైలో పుట్టి, అమెరికా వెళ్లి, బీ-2 బాంబర్ ఇంజిన్ పొగగొట్టాల రూపకల్పనలో పనిచేసిన నోషిర్ గోవాడియా అనే ఇంజినీర్ చైనాకు స్టెల్త్ పరిజ్ఞానం అమ్మినట్టు కోర్టులో తేలింది. 2011 జనవరిలో 32 ఏళ్ల జైలుశిక్ష పడింది.

సరిగ్గా ఆ నెలలోనే జే-20 మొదటిసారి ఎగిరింది. చైనా పద్ధతి అమెరికాకు పూర్తిగా తలకిందులు. చెంగ్డూలో విమానాల ఫ్యాక్టరీ పక్కనే రోడ్లున్నాయి, జనం తిరుగుతుంటారు. 2010 డిసెంబర్ చివర్లో రన్‌వే మీద పరుగెడుతున్న జే-20 ఫోటోలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. చైనా తలుచుకుంటే ఓ ఫోటోను ఎంతసేపట్లో మాయం చేయగలదో మనకు తెలియంది కాదు. వీటిని ఉండనిచ్చింది. 2011 జనవరి 11న, అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ బీజింగ్‌లో ఉన్న రోజే దాన్ని ఎగరేశారు. గేట్స్ నేరుగా అధ్యక్షుడు హు జింటావోనే అడిగితే, గదిలో ఉన్న పౌర నాయకులకు ఆ సంగతే తెలిసినట్టు లేదని అమెరికన్లు చెప్పారు. కంచె బయట కెమెరా పట్టుకున్న కుర్రాడికి తెలిసింది, కుర్చీలో ఉన్నవాళ్లకు తెలియలేదన్నమాట!

2024 డిసెంబర్ 26న, మావో పుట్టినరోజున, మళ్లీ అదే తంతు. తోకలేని వింత విమానాలు రెండు పట్టపగలు జనం నెత్తిమీద ఎగిరాయి. చెంగ్డూలో కనిపించినదానికి మూడు ఇంజిన్లు. దాని మీద కనిపించిన అంకెల్ని బట్టి చూసినవాళ్లే జే-36 అని పేరు పెట్టేసుకున్నారు. ప్రభుత్వం ఆ పేరు చెప్పలేదు, కాదనీ అనలేదు. అమెరికా వాళ్ల ఎఫ్-47 బొమ్మ దీనికి మూడు నెలల తర్వాత బయటికొచ్చిందని గుర్తుపెట్టుకోండి. ఇది చూపించింది, అది దాచింది. కానీ రెండు చోట్లా జనానికి దొరికింది ఆకారం మాత్రమే, అదీ సగం సగం.

మనవాళ్ల ఆమ్కా సంగతికొస్తే, మొదట్నుంచీ తెరిచిన పుస్తకమే. 2024 మార్చిలో కేంద్రం దాదాపు 15 వేల కోట్ల రూపాయలతో నమూనాల తయారీకి అనుమతి ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో జరిగిన ఏరో ఇండియాలో నిజం సైజు బొమ్మనే నిలబెట్టారు. జనం దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. ఇంకా ఎగరని విమానానికి ఇంత ప్రచారమా అని విసుక్కునేవాళ్లు ఉన్నారు. నేను విసుక్కోను. అందరి డబ్బుతో కడుతున్నది ఎలా ఉంటుందో అందరికీ చూపించడంలో తప్పేముంది? ఆకారం చూసినంత మాత్రాన ఎవడూ చేసేయలేడు. ఉపగ్రహాలు, ఫోన్ కెమెరాలు ఉన్న ఈ రోజుల్లో ఆకారాన్ని దాచడం ఎలాగూ కొన్నాళ్ల ముచ్చటే. నిజంగా దాచేది ఒంటి మీది పూత, దాని కింది పదార్థం, లోపలి ఎలక్ట్రానిక్స్. రాడార్ తరంగాల్ని పీల్చేసుకునే ఆ పూతలో ఏమేం కలిపారన్నది ఏ దేశమూ చెప్పదు.

ఆ పూత దగ్గరే ఈ కథలో నన్ను అన్నిటికంటే వెంటాడే భాగం ఉంది. గ్రూమ్ లేక్‌లో విమానాలు తయారైతే మిగిలిపోయిన రసాయనాలు, పూతల వ్యర్థాలు ఉంటాయి కదా. వాటిని బయటికి పంపితే ఎవరైనా పరీక్షించి గుట్టు లాగుతారని భయం. అందుకని అక్కడే పెద్ద గోతులు తవ్వి, అందులో పోసి తగలబెట్టేవారని అక్కడి కార్మికులు చెప్పారు. ఆ పొగ పీల్చినవాళ్లకు దగ్గు, ఒంటి మీద చేప పొలుసుల్లా లేచిన చర్మం. అక్కడ పనిచేసిన ఓ షీట్‌మెటల్ కార్మికుడు 1989లో చనిపోయాడు. 1994లో ఆయన భార్య, మరో కార్మికుడి కుటుంబం, ఇంకొందరు కార్మికులు కలిసి ప్రభుత్వం మీద కేసు వేశారు. పనిచేసేవాళ్లు పేరు చెప్పుకోలేదు. రహస్యం కాపాడతామని సంతకం పెట్టినవాళ్లు నోరు విప్పితే జైలే. కోర్టు కాగితాల్లో అందరూ ‘జాన్ డో’లే, అంటే ఫలానావాడు. వాళ్లు మొదట అడిగింది డబ్బు కాదు. మేం పీల్చింది ఏమిటో చెప్పండి, మా డాక్టర్లు దానికి తగ్గ వైద్యం చేస్తారు అని అడిగారు.

వాళ్ల తరఫున వాదించింది జొనాథన్ టర్లీ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసర్. ఆయన దగ్గరున్న కాగితాలు దేశ రహస్యాలని చెప్పి ప్రభుత్వం ఆయన ఆఫీసు గదికే సీలు వేయించింది. కేసు నడుస్తుండగానే ఇంకో కార్మికుడు చనిపోయాడు. 1995 సెప్టెంబర్‌లో అధ్యక్షుడు క్లింటన్ ఓ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. ‘నెవడాలో గ్రూమ్ లేక్ దగ్గర ఉన్న వైమానిక దళ స్థలా’నికి పర్యావరణ చట్టాల కింద వివరాలు బయటపెట్టే బాధ్యత నుంచి మినహాయింపు ఇస్తున్నట్టు అందులో ఉంది. ఆ చోటుకు ఓ పేరంటూ ఉందని ఒప్పుకోవడానికి కూడా ఇష్టపడని కాలమది. 1998లో సుప్రీంకోర్టు ఈ కేసు వినడానికి నిరాకరించింది.

అప్పటికి ఎఫ్-117 బొమ్మలు బజారులో దొరుకుతున్నాయి. మ్యూజియంలో దాని ప్రయోగ నమూనా నిలబడి ఉంది, పిల్లలు చుట్టూ తిరిగి చూస్తున్నారు. గోతుల్లో కాలింది ఏమిటో మాత్రం ఆ కార్మికుల డాక్టర్లకు ఎవరూ చెప్పలేదు.